పెట్టుకునే బొట్టు, పడే గట్టా

తెలుగులో బొట్టు పెట్టుకుంటారు. మా ఇళ్లలో గట్టా పడుతుంది. నమాజులో ఏళ్ల తరబడి నేలకు నుదురు ఆనించగా కొందరి నొసట కాయ కాసినట్టు ఏర్పడే నల్లటి మచ్చను దక్కనీ ఉర్దూలో గట్టా అంటాం. 'గట్టా పడ్‌గయా' అని ఉర్దూలో అన్నా, 'గట్టా పడింది' అని తెలుగులో అన్నా చెవికి క్రియ ఒకటే. రెండు భాషల మధ్య బతికేవాళ్లకు ఇలాంటివి అప్పుడప్పుడు దొరుకుతుంటాయి. అయితే పెట్టుకోవడానికీ పడటానికీ చాలా తేడా ఉంది. బొట్టు పొద్దున పెట్టుకుని రాత్రికి చెరుపుకోవచ్చు. గట్టా అలా కాదు. పడాలని కోరుకుంటే పడదు, పడ్డాక వద్దంటే పోదు. డాక్టర్లనడిగితే రాపిడికి చర్మం మందమై నల్లబడటమేనని, పాదాలకు కాసే కాయల్లాంటిదేనని చెబుతారు.

మన సెక్యులర్ మిత్రులు సభల్లో 'మీకు గట్టా, మాకు బొట్టు, అంతా ఒకటే' అనేస్తుంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ అంతా ఒకటే అనేశాక ఇక మాట్లాడుకునేదేం ఉంటుంది? అవి ఒకటి కావు. కాకపోయినా ఈ నేల మీద నాలుగైదు వందల ఏళ్లుగా పక్కపక్కనే ఎలా నడిచాయి, ఎక్కడ ఒకదానికొకటి తగిలాయి, ఎప్పుడు ఒకదాన్ని చూసి మరొకటి భయపడటం మొదలైంది అన్నది చూడాలి.

చూడటానికి దూరం పోనక్కర్లేదు. పటాన్‌చెరు నుంచి అమీన్‌పూర్ మండలంలోని సుల్తాన్‌పూర్ వైపు వెళ్లే రోడ్డు మీద షిఫ్టు మారే వేళ నిలబడితే చాలు. జహీరాబాద్, నారాయణ్‌ఖేడ్ వైపు నుంచి వచ్చిన లింగాయతు కార్మికుల నుదుట మూడు విభూతి రేఖలు. బీహార్ నుంచి వచ్చిన ఆడవాళ్ల పాపిట్లో నారింజరంగు సిందూరం. మన ఆడపిల్లల స్టిక్కర్ బొట్లు. శనివారమైతే నామాలు. వాళ్ల మధ్యలో ఏ పాత ఫిట్టరో, ఏ వెల్డరో తల వంచుకుని నడుస్తుంటే ఆయన నొసట గట్టా. 1970ల నుంచి ఇక్కడ ఫ్యాక్టరీలు వచ్చాయి, వాటితోపాటు దేశంలోని నుదుళ్లన్నీ వచ్చాయి.

ఫ్యాక్టరీలకన్నా చాలా ముందే ఇక్కడ ఒక సంగతి జరిగింది. ఇబ్రహీం కుతుబ్‌షా గోల్కొండను ఏలిన 1550-80 మధ్య కాలంలో ఈ ప్రాంతానికి అధికారి అమీన్‌ఖాన్. అమీన్‌పూర్ పేరు ఆయనదేనంటారు. పొట్లచెరువు అని అప్పుడు పిలిచే ఈ పటాన్‌చెరు కవి పొన్నిగంటి తెలగన యయాతి చరిత్రము రాసి ఆయనకే అంకితమిచ్చాడు. సంస్కృతం కలవని అచ్చతెలుగులో వచ్చిన మొదటి కావ్యమది. ముస్లిం ప్రభువుకు అంకితమై వచ్చిందన్న మాట మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంలో దాటిపోతుంది. ఇక్కడ ఎందుకు గుర్తు చేస్తున్నానంటే, తిలకం సంస్కృతం, పుండ్రం సంస్కృతం. బొట్టు మాత్రం తెలుగు మాట. బొట్టంటే చుక్క, నీటిబొట్టులో ఉన్న బొట్టే. ఆ భాషను ఆదరించినవాళ్లలో బొట్టు పెట్టుకోనివాళ్లూ ఉన్నారు.

ఇంతకూ గుర్తు నుదుటి మీదే ఎందుకు? మనిషి నుదుటి మీద రాత ఉంటుందని రెండు మతాల జనమూ నమ్ముతారు. తెలుగులో నుదుటి రాత అంటాం, బ్రహ్మ రాశాడంటాం. మా నానీ 'మాథే కా లిఖా' అనేది. కనపడని ఆ రాత ఉన్న చోటే కనపడే గుర్తు పెట్టుకోవడం ఒక రకంగా రాసినవాడికి సమాధానం. పైగా నుదురు మన ఒంట్లో మనకు కనపడని చోటు. అద్దం లేనిదే నా నుదుటి మీద ఏముందో నాకు తెలియదు. ఎదుటివాడికే తెలుస్తుంది. తర్వాతి గొడవంతా ఇక్కడి నుంచే వచ్చిందని నాకనిపిస్తుంది.

ఇస్లాంలో సజ్దా అంటే ఒంట్లో అన్నిటికన్నా ఎత్తున ఉన్న భాగాన్ని అన్నిటికన్నా కిందికి దించడం. ముక్కుతో కలిసి నుదురు, రెండు చేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాల వేళ్లు, ఈ ఏడూ నేలను తాకాలని హదీసు. ఖురాన్‌లో 48వ సూరా, అల్ ఫతహ్‌లో 29వ ఆయతు ప్రవక్త సహచరుల ముఖాల్లో సజ్దా జాడ ఉంటుందని చెబుతుంది. గట్టాను గొప్పగా చెప్పుకునేవాళ్లు ఈ ఆయతునే చూపిస్తారు. కానీ తొలి తరం వ్యాఖ్యాతలే దాన్ని అలా తీసుకోలేదు. ఆ జాడ అంటే మంచి నడవడి అన్నారు ఇబ్న్ అబ్బాస్. వినయం అన్నారు ఆయన శిష్యుడు ముజాహిద్. నేను నొసటి మచ్చ అనుకున్నానే అని ఒకాయన అంటే, అది ఫిరౌన్‌కన్నా గుండె రాయి అయిన వాడి కళ్ల మధ్య కూడా ఉండొచ్చని ముజాహిద్ జవాబిచ్చారని ఇబ్న్ కసీర్ తన తఫ్సీర్‌లో నమోదు చేశాడు. ఇది పద్నాలుగో శతాబ్దపు గ్రంథం. ఆధునికులెవరో కనిపెట్టిన వాదన కాదు.

ముజాహిద్ అంత కటువుగా ఎందుకన్నాడో అంతకుముందు చరిత్ర చూస్తే అర్థమవుతుంది. హజ్రత్ అలీ మీద తిరగబడిన ఖారిజీలతో వాదించడానికి వెళ్లిన ఇబ్న్ అబ్బాస్‌కు మొదట కనిపించినవి దీర్ఘమైన సజ్దాలతో పుండ్లు పడ్డ నుదుళ్లు. వాళ్ల భక్తిలో లోపం లేదు. తమలా లేని ముస్లింను కాఫిర్ అనడంలోనూ వాళ్లు వెనకాడలేదు. ఆ గుంపు మనిషి ఇబ్న్ ముల్జమ్ 661లో కూఫా మసీదులో, అదీ రంజాన్ నెలలో, విషం పూసిన కత్తితో అలీ తల మీద కొట్టాడు. ప్రవక్త ముద్దుగా అబూ తురాబ్ అని పిలుచుకున్న అలీ ఆయన. ఆ మాటకు మట్టికి తండ్రి అని అర్థం. సజ్దా ఎరిగిన నుదుటినే సజ్దా మచ్చలున్న వర్గం వాడు చీల్చాడు.

అలా అని గట్టాను వెక్కిరించడానికీ లేదు. అలీ మనవడు, కర్బలాలో మిగిలిన ఇమాం జైనుల్ ఆబిదీన్‌కు సజ్జాద్ అన్న బిరుదుంది. ఒంటె మోకాళ్లకు కాసినట్టు ఆయన నుదుట కాయలు కాసేవట. అందుకు జుస్సఫినాత్, కాయలవాడు అనీ పిలిచేవారు. తండ్రినీ అన్నదమ్ములనూ కళ్ల ముందే పోగొట్టుకున్న మనిషి నేల మీద తల పెట్టి ఎంతసేపు ఉన్నాడో ఆ కాయలు చెబుతాయి. షియాలు ఇవాళ్టికీ కర్బలా మట్టితో చేసిన చిన్న బిళ్ల మీద నుదురు ఆనిస్తారు. హైదరాబాద్‌లో దాన్ని సజ్దాగాహ్ అంటారు.

మన కాలంలో ఈజిప్టువాళ్లు గట్టాను జబీబా, అంటే ఎండుద్రాక్ష అంటారు. అక్కడది చాలామంది మగవాళ్లకు మర్యాద చిహ్నమైపోయింది. గరుకు చాప మీద కావాలనే రుద్దుకునేవాళ్లున్నారని అక్కడివాళ్లే జోకులేసుకుంటారు. అధ్యక్షుడు సాదత్ నొసట కొట్టొచ్చినట్టు ఉండేది జబీబా. 1981లో ఆయన్ను చంపినవాళ్లు ఆయనకన్నా తామే అసలు ముస్లింలమనుకున్నవాళ్లు.

ఇటు బూడిద వైపు చూద్దాం. పన్నెండో శతాబ్దంలో బసవన్న కల్యాణంలో లేవదీసిన శివభక్తి మన జహీరాబాద్‌కు కూతవేటు దూరంలోని సంగతి. బసవకల్యాణ్ ఇప్పటి బీదర్ జిల్లాలో ఉంది. ఆయన కథను తెలుగులో ద్విపదగా రాసింది పాల్కురికి సోమనాథుడు. వీరశైవుల అష్టావరణాల్లో విభూతి ఒకటి. ఆవు పేడ పిడకలను కాల్చి చేసిన బూడిద అది. కాలితే మిగిలేది ఇదే, నువ్వూ ఇదే అన్నది దాని అర్థం. పుట్టుకను చూడకుండా అందరి నుదుటికీ ఒకటే బూడిద పూయడం ఆనాటికి పెద్ద తిరుగుబాటు. ఆ తిరుగుబాటు కొన్ని తరాల తర్వాత తానే ఒక కులంగా ఎలా గడ్డకట్టిందన్నది వేరే వ్యాసం.

వైష్ణవుల నామం సంగతి మరోటి. నిలువుగీతలు విష్ణు పాదాలు, నడుమ ఎర్రటిది లక్ష్మి. భక్తుడు తన నుదుటి మీద దేవుడి పాదాలు మోస్తున్నాడు. సజ్దాలో లాగే ఇక్కడా తల కిందిదే. అయితే ఆ పాదాల కింద, ముక్కు మీదికి, చిన్న పీఠం గీయాలా వద్దా అన్న దగ్గర వడగలై, తెంగలై రెండుగా చీలిపోయారు. కంచి వరదరాజస్వామి గుడిలో ఆ రెండు పక్షాల తగాదాలు బ్రిటిష్ కాలం నుంచి కోర్టుల్లో నలుగుతూనే ఉన్నాయి. దేవుడి పాదాల కోసం మనుషులు కోర్టు మెట్లెక్కారు. పైపై గుర్తుల మీద వేమన అంత విసుక్కున్నాడంటే ఊరికే కాదు.

పోల్చాలంటే పోల్చాల్సింది ఇక్కడ. గట్టానూ కుంకుమబొట్టునూ కాదు, మట్టినీ బూడిదనూ. సజ్దా చేసేవాడు పోవాల్సిన మట్టిని బతికుండగానే తాకుతున్నాడు. విభూతి పెట్టుకున్నవాడు కావాల్సిన బూడిదను బతికుండగానే మోస్తున్నాడు. ఒకరిని పూడుస్తారు, ఒకరిని కాలుస్తారు. ఆ తేడా నుదుటి మీద కూడా ఉంది. లింగాయతులను పూడుస్తారన్నది మళ్లీ వేరు. చరిత్ర మన పోలికలకు ఎప్పుడూ పూర్తిగా లొంగదు. తెలుగు కేథలిక్కులు ఉపవాస కాలం మొదటి రోజున ఫాదర్ చేత నుదుట బూడిద సిలువ వేయించుకుంటారు. దాన్ని వాళ్లు విభూది బుధవారం అంటారు. అదే మాట!

ఈ బూడిద తెలంగాణలో మతం దాటి నడిచింది. పీర్ల పండుగకు మా జిల్లాలో ఆషుర్‌ఖానా ముందు గుండం తవ్వి అలావా వేస్తారు. దాని చుట్టూ దూలా ఆడేవాళ్లలో, పీర్లకు దట్టీలు కట్టేవాళ్లలో, ఊదు వేయించుకునేవాళ్లలో ముస్లింల కన్నా బీసీలు, దళితులే ఎక్కువమంది ఉండే ఊళ్లు లెక్కలేనన్ని. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలోనూ పీర్లు లేస్తాయి. ఆ అలావా బూడిద చిటికెడు తీసి పిల్లల నుదుట పెడతారు. జ్వరం తగ్గుతుందని, జడుపు పోతుందని. కర్బలాలో మండిన గుండెల బూడిద అది. దాన్ని పెట్టుకున్న సాకలి లచ్చమ్మకో మాదిగ ఎల్లయ్యకో కర్బలా ఎక్కడుందో తెలియకపోవచ్చు. దుఃఖం తెలుసు. ఈ పండుగను 'షిర్క్' అని మావాళ్లు కొందరు వదిలేయమన్నారు, 'తురకల పండుగ మనకెందుకు' అని అటువాళ్లు కొందరు అన్నారు. చిత్రంగా రెండు మాటలూ దాదాపు ఒకే కాలంలో ఊళ్లకు వచ్చాయి.

ఇంకో బూడిద ఉంది. అది ఇవాళ తెలుగు హిందువుల ఇళ్లలో లేని చోటు లేదు. షిర్డీ సాయిబాబా ఊదీ. 1918లో పోయిన ఆ ఫకీరు పాడుబడ్డ మసీదులో బతికాడు. ద్వారకామాయి అని ఆయన పిలిచింది ఆ మసీదునే. అక్కడి ధునిలోంచి బూడిద తీసి వచ్చినవాళ్ల నుదుట పెట్టేవాడు. సచ్చరిత్రలో ఒక ఉదంతం ఉంది. ఎవరినీ తన నుదుటికి గంధం పూయనివ్వని బాబాకు ఒక డాక్టరు నేరుగా మూడు రేఖలు దిద్దేశాడు. బాబా ఊరుకున్నాడు. ఎందుకని అడిగితే, అతను నాలో తన గురువును చూసుకున్నాడు, ఎలా వద్దనను అన్నాడట. అంటే ఆ రేఖలు బాబా మతాన్ని చెప్పలేదు, పెట్టినవాడి ప్రేమను చెప్పాయి. మసీదు బూడిద గురువారం గురువారం లక్షల తెలుగు నుదుళ్ల మీద ఉంటోంది. మసీదు అన్న మాట మాత్రం మెల్లగా మాయమైంది.

ఉర్దూలో తిలకానికి ఖష్ఖా అని పేరుంది. బదాయూనీ ఒళ్లు మండి రాసిపెట్టబట్టి మనకు తెలిసింది, అక్బర్ పాదుషా ఒక పండుగనాడు నుదుట ఖష్ఖాతో దర్బారుకొచ్చాడని. 1810లో పోయిన మీర్ తఖీ మీర్ గజల్‌లోనూ ఖష్ఖా దిద్దుకుని గుళ్లో కూచున్న ప్రేమికుడున్నాడు. ఆ షేర్‌ను ముషాయిరాల్లో వాహ్‌వా అంటూ విన్న మౌల్వీ సాహెబ్‌లను నేనెరుగుదును. మన దగ్గర దూదేకుల సిద్ధయ్య ఉన్నాడు. వీరబ్రహ్మం శిష్యుడు, కడప జిల్లా ముడుమాలలో ఆయన మఠముంది. 1984లో ఎన్టీఆర్ వీరబ్రహ్మంగా తీసిన సినిమాలో బాలకృష్ణ వేసింది ఆయన వేషమే. ముస్లిం వచ్చి శిష్యుడైతే మెజారిటీ సమాజానికి ముచ్చటగా ఉంటుంది. తల వంచింది ఎటువైపన్నదాన్ని బట్టి ముచ్చట.

ఇన్ని రాకపోకల చరిత్ర ఉన్నా, ఒక చోట మాత్రం దారి మూసుకుపోయింది. అది ఆడదాని నుదురు.

తెలుగులో ఖాళీ నుదుటికి మంచి మాట లేదు. వెతికి చూడండి. బోడి నుదురు, ఒట్టి మొహం. బొట్టు చెరిగిందంటే మొగుడు పోయాడని. పుట్టినప్పటి నుంచీ ఉన్న బొట్టును, మొగుడు ఇవ్వని బొట్టును, వాడు పోగానే తీసేయడం ఎంత అన్యాయమో వీరేశలింగం కాలం నుంచీ చెబుతూనే ఉన్నారు. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఆ పిల్ల నుదుటికి బొట్టు తిరిగొచ్చింది. సంస్కరణ అంతవరకూ వచ్చి ఆగింది. ఖాళీ నుదురు అశుభం అన్న నమ్మకం అలాగే ఉండిపోయింది. ఆ నమ్మకం కిందే ముస్లిం స్త్రీ బతకాలి. పెళ్లయిందనడానికి మా ఆడవాళ్ల మెడలో నల్లపూసల లచ్ఛా ఉంటుంది. అది ఎవరికీ కనపడదు. కనపడేది లేని బొట్టే. క్రైస్తవ స్త్రీలకూ ఇదే బాధ. మా అమ్మీ బస్సులో కూచుంటే పక్కావిడ జాలిగా 'ఎన్నేళ్లయిందమ్మా పోయి' అని అడిగిందట. మా అబ్బా అప్పుడు ముందు సీట్లో కూచుని పేపరు చదువుతున్నాడు. ఇంట్లో ఈ కథ చెప్పుకుని నవ్వేవాళ్లం. అమ్మీ నవ్వేది కాదు.

1990 డిసెంబర్‌లో హైదరాబాద్ తగలబడినప్పుడు, 1992 డిసెంబర్‌లో బాబ్రీ కూలినప్పుడు, పని మీద బయటికెళ్లక తప్పని మా ఆడవాళ్లు కొందరు బొట్టు పెట్టుకుని బస్సెక్కారని మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గుడికెళ్లే స్త్రీకి అది భక్తి. ఈ స్త్రీకి బతికి ఇంటికి రావడానికి టిక్కెట్టు. ఇంటికొచ్చి మొహం కడుక్కునేటప్పుడు ఏమనుకునేవాళ్లో ఎవరూ రాయలేదు. మగవాళ్లకు ఆ వీలూ లేదు. గట్టా చెరగదని ముందే చెప్పాను. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పట్టుకెళ్లిన కుర్రాళ్లను కోర్టులు నిర్దోషులని వదిలేసేదాకా గడ్డమూ టోపీ గట్టా అన్నీ అనుమానానికి ఆధారాలే. సినిమాల్లో టెర్రరిస్టుకు మేకప్‌మన్ ముందుగా వేసేది సుర్మా, ఆ తర్వాత నొసట నల్లమచ్చ. దేవుడికీ మనిషికీ మధ్య జరిగిన దాని జాడ పోలీసు ఫైల్లో పుట్టుమచ్చయింది.

సుల్తాన్‌పూర్‌లో ఇప్పుడు వైద్య పరికరాల పార్కు ఉంది. 2017లో శంకుస్థాపన జరిగింది. గుండె రక్తనాళాల్లో అమర్చే స్టెంట్లు అక్కడ తయారవుతాయి. ఇలాంటి పరిశ్రమల క్లీన్‌రూముల్లో పౌడరు, కాటుక, కుంకుమ ఏదీ పనికిరాదు. రేణువు రాలితే సరుకు పాడవుతుంది. కనుబొమల దాకా టోపీ, ముక్కుకు మాస్కు. లోపల ఎవరి నొసట ఏముందో ఎవరికీ తెలియదు. సెక్యులరిజం అంటే ఇదేనని కొందరు అనుకోవచ్చు. నేననుకోను. నుదుళ్లు కప్పేస్తే శుభ్రత వస్తుంది, మనుషుల మధ్య నమ్మకం రాదు.

పరీక్ష ఆ గదుల బయట, పాత ఇనుప షెడ్లలో, ఏటా ఆయుధ పూజ రోజున జరుగుతుంది. లేత్ మిషన్లకు, డ్రిల్లింగ్ మిషన్లకు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కోసి, తర్వాత వరసగా కార్మికులందరికీ బొట్టు పెడతారు. ముస్లిం కార్మికుడి దగ్గరికొచ్చేసరికి ఏం చేయాలి? పాతవాళ్ల దగ్గర రకరకాల జవాబులుండేవి. పెట్టించుకుని బయటికెళ్లి తుడుచుకున్నవాళ్లున్నారు. నుదురు ఇవ్వకుండా చెయ్యి చాపినవాళ్లున్నారు. ఒక పాత టర్నర్ 'బొట్టు మిషన్‌కు పెట్టండి సాబ్, కొబ్బరి నాకివ్వండి' అనేవాడట. షెడ్డంతా నవ్వేది, పూజ చేసే ఫోర్‌మన్‌తో సహా. ఆ నవ్వులో ఎవరి దేవుడికీ లోటు రాలేదు. ఇప్పుడు పక్కన ఎవడో ఒకడు ఫోన్‌లో వీడియో తీస్తుంటాడు. వద్దంటే ఒక వాట్సాప్ గ్రూపులో, పెట్టించుకుంటే ఇంకో వాట్సాప్ గ్రూపులో.

నాకు తెలిసిన ముప్ఫయ్యేళ్ల కుర్రాడొకడు ఈ గొడవంతా ఎందుకని ఏటా ఆ రోజుకు సెలవు పెట్టేస్తాడు. పండుగ దాటాక డ్యూటీకెళితే అతని లేత్ నుదుట ఎండిన కుంకుమ ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు నూనెగుడ్డతో మిషనంతా తుడుస్తాడు, ఆ బొట్టున్నంత మేర వదిలేసి.